అందరికీ వెళ్లిన ఆమెన్

నేను నోరు తెరవకముందే నా మాట ఎరిగిన దేవునికి స్తోత్రం. మూసిన తలుపు వెనక ఉన్నవాణ్ని చూసి, చూసిన సంగతి వీధిలో చెప్పని తండ్రికి మహిమ. ఆయన నా తప్పులన్నీ పదిమందిలో చదివి వినిపించి ఉంటే నేను ఏ సంఘంలోనూ తలెత్తుకుని కూర్చోగలిగేదాన్ని కాదు. ఆ కృపను తలచుకున్న తర్వాతే ఇది రాయడానికి చెయ్యి కదిలింది.

మా సంఘం దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు డిపో వెనక సందులో, ఒక జిరాక్స్ దుకాణం పైన ఉంటుంది. ఆదివారం ఆరాధన అందరిదీ. గురువారం సాయంత్రం మాత్రం వేరే కూటం ఒకటి జరుగుతుంది. తాగుడు మానాలనుకునేవాళ్లు, మానినవాళ్లు వస్తారు. ఆ కూటానికి బోర్డు లేదు, ఆదివారం ప్రకటనల్లో దాని మాట రాదు. వచ్చేవాళ్లు కూడా ఒక్కొక్కరే మెట్లెక్కుతారు, జిరాక్స్ తీయించుకోవడానికి వచ్చినట్టు చేతిలో ఏదో ఒక కాగితం పట్టుకుని.

నేను ముప్పై ఏళ్లు ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పాను. మా ఆయన తాగుడుతోనే పోయారు. ఇరుగుపొరుగుకు షుగర్ అని చెప్పాను, చుట్టాలకు గుండె అని చెప్పాను. నిజం మా అయ్యగారికి, అంటే మా పాస్టరు గారికి, ఒక్కరికే చెప్పాను. అందుకే ఆయన ఈ కూటం మొదలుపెట్టినప్పుడు, "అక్కగారూ, వారానికొక ప్రార్థన ఉత్తరం రాసి పంపాలండీ, అది మీరే రాయాలి" అన్నారు. ఆయనది గుంటూరు వైపు. మెత్తగా అడుగుతారు కానీ కాదనే వీలు ఉంచరు.

వాట్సాప్ గ్రూపు పెడితే అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి. అందుకని మెయిలు ఎంచుకున్నారు. మెయిలులో చిరునామాలు పెట్టడానికి మూడు గళ్లు ఉంటాయని ఆయనే పక్కన కూర్చుని చూపించారు. మొదటి రెండింటిలో పెడితే ఎవరెవరికి వెళ్లిందో అందరికీ కనబడుతుంది. మూడోదాన్ని బీసీసీ అంటారు. అందులో పెట్టిన చిరునామాలు ఎవరికీ కనబడవు. ఉత్తరం ఇరవయ్యారు మందికి వెళ్లినా ప్రతి ఒక్కరికీ తనకొక్కరికే వచ్చినట్టుంటుంది.

"మూడో గడి మర్చిపోకండి అక్కగారూ. వాళ్లు మనల్ని నమ్మింది దాని మీదే" అన్నారు.

నాకది ఎంతో నచ్చింది. తలుపు వేసుకుని ప్రార్థించమన్న మాట చిన్నప్పుడే కంఠతా పెట్టినదాన్ని. ఇరవయ్యారు తలుపులు, ప్రతి తలుపు వెనకా ఒక్కరు, వాళ్లతో దేవుడు. రెండేళ్లు అలాగే పంపాను. ప్రతి ఉత్తరం చివరా ఒకే వాక్యం రాసేదాన్ని: ఇది చదివాక ఆమెన్ అని జవాబు రాయండి, ఆమెన్ లేని ప్రార్థన మూత లేని కుండ. జవాబులు నా ఒక్కదానికే వచ్చేవి. గురువారం పొద్దున టీ తాగుతూ ఆ ఆమెన్లు లెక్కపెట్టుకోవడం నాకు పండగలా ఉండేది.

ఆ ఇరవయ్యారు మందిలో ఒక డ్రైవరు సహోదరుడు ఉన్నాడు. నల్గొండ దగ్గర పల్లెటూరివాడు, అబ్దుల్లాపూర్‌మెట్‌లో కిరాయికుంటాడు. తాగుడు వల్ల రెండు ఉద్యోగాలు పోయాక మా కూటానికి వచ్చాడు. మానేశాక ఒక స్కూలు బస్సుకు డ్రైవరుగా చేరాడు. చేరేటప్పుడు ఇచ్చిన ఫారంలో ఎన్నడైనా తాగే అలవాటుండేదా అని అడిగితే లేదని సంతకం పెట్టాడు. అది అబద్ధమే. ఆ సంగతి ఏడుస్తూ మాకు చెప్పాడు. "ఉండేనని రాస్తే స్టీరింగ్ ముట్టనియ్యరమ్మా. నాకు అదొక్కటే పని ఒచ్చు" అన్నాడు.

అతనికి మెయిలు అడ్రసు కావాలంటే కాలేజీ చదివే కూతురు తయారుచేసి ఇచ్చింది. అతని పేరుతో అప్పటికే ఎవరో తీసుకున్నారట. పేరు పక్కన బస్సు అని, దాని నంబరు పద్నాలుగు అని కలిపింది. "నా బస్సు పేరు మీద నాకు ఉత్తరాలొస్తయి అమ్మా, కలెక్టరుకు గూడ రావు గిట్ల" అని నవ్వాడు.

ఆ స్కూల్లో రోజూ పొద్దున అయిదున్నరకు గేటు దగ్గర డ్రైవర్లందరూ వరసలో నిలబడాలి. ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి ఒక చిన్న మిషను పట్టుకుని ఒక్కొక్కరి నోటి దగ్గర పెడతాడు. ఊదితే, తాగి ఉంటే అది కూస్తుంది. "మొదాట్ల దాన్ని జూస్తే పామును జూసినట్టుండె. ఇప్పుడు జాతరల పీక ఊదినట్టు ఊదుతున్న" అనేవాడు.

అతను మందు ముట్టక పదకొండు నెలలు నిండిన వారం, నా కంప్యూటరు పాడైంది. ఉత్తరం ఆపడం ఇష్టం లేక ఫోన్‌లోనే రాశాను. సంతోషంతో రాశాను. మన మధ్య ఒక సహోదరుడు, బస్సు నడిపి పిల్లలను బడికి చేర్చేవాడు, పదకొండు నెలలుగా విడుదలలో నడుస్తున్నాడు, దేవునికి స్తోత్రం అని. పేరు రాయలేదు. పేరు రాయనందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. చివర, ఈ సహోదరుని కోసం అందరం కలిసి ఆమెన్ అందాం అని చేర్చాను. చిరునామాలన్నీ ఒక చోట రాసి పెట్టుకున్నవి తెచ్చి, కనబడిన గడిలో పెట్టి పంపేశాను.

ఫోన్‌లో మొదటి గడి ఒక్కటే కనబడుతుంది. మూడోది కావాలంటే పక్కనున్న చిన్న బాణం నొక్కాలి. నేను నొక్కలేదు. అలా నొక్కాలని కూడా నాకు తెలియదు.

బియ్యం కడుగుతుండగా మొదటి ఆమెన్ వచ్చింది. సరూర్‌నగర్‌లో ఉండే ఒక పెద్దామెది. కొడుకు కోసం ప్రార్థించమని పేరిచ్చిన తల్లి. ఎప్పటిలాగే చూసి ఫోన్ పక్కన పెట్టబోయాను. పెట్టలేకపోయాను. ఆమె జవాబు పైన నా చిరునామా ఒక్కటే లేదు. కింది దాకా పేర్లు ఉన్నాయి. వేలితో పైకి జరిపినకొద్దీ వస్తూనే ఉన్నాయి. అన్నీ నాకు తెలిసిన పేర్లే, ఒకదాని పక్కన ఒకటి ఎన్నడూ ఉండకూడని పేర్లు. ఆమె అందరికీ జవాబు అన్నది నొక్కింది. నేనే కదా అందరం కలిసి అనమని రాశాను.

రెండో ఆమెన్ వచ్చింది. మూడోది, నాలుగోది. ఒక్కొక్కటీ ఇరవయ్యారు ఇళ్లలో ఒకేసారి మోగుతోంది. నేను ఆపలేను. రెండేళ్లుగా అడిగి మరీ ఇప్పించుకున్న ఆమెన్లు అవి. గిన్నెలో నీళ్లు పొంగి బియ్యం సింకులోకి పోతున్నా చూస్తూ నిలబడ్డాను. ప్రభువా అనడానికి కూడా నోరు రాలేదు.

ఆరో ఆమెన్ ఒక మలక్‌పేట సహోదరుడిది. ఆయన కూటానికి ఎన్నడూ రాలేదు. అయ్యగారితో విడిగా కలిసి ప్రార్థన చేయించుకునేవాడు, ఉత్తరం మాత్రం తెప్పించుకునేవాడు. ఎక్కడ పనిచేస్తాడో నాకు తెలియదు, నేను అడగలేదు. ఆ రోజు ఆయన రాసింది ఇది: ఆమెన్. ఆ డ్రైవరు సహోదరుని దేవుడు ఇంకా బలపరచును గాక.

పావుగంటకు డ్రైవరు ఫోన్ చేశాడు.

"అమ్మా, వందనాలు. పిల్లలను దింపి బస్సు పక్కకు పెట్టిన. ఒక మాట అడగాలె. మెయిల్ల పేర్లన్ని నాకొక్కనికే కనబడుతున్నయా, అందరికా?"

అందరికీ అన్నాను.

వెనక ఏదో బస్సు ఇంజను ఆగుతున్న చప్పుడు.

"ఆమెన్ పెట్టిన మలక్‌పేట సారు ఉన్నడు జూడున్రి. గాయనే మా ఇన్‌చార్జి సారు. మా లీవులన్ని గదే అడ్రసుకు పంపుతం. పొద్దుగాల మా నోట్ల మిషన్ పెట్టేది గాయనే."

నేను కుర్చీలో కూర్చున్నాను. అడ్రసులోనే బస్సు, పద్నాలుగు. ఉత్తరంలో బస్సు నడిపే సహోదరుడు, పదకొండు నెలలు. నేను దాచిన పేరును నేనే అతికించి ఇచ్చాను.

"ఆయన ఇంక నా అడ్రసు జూడలేదేమో అమ్మా" అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు.

చూశాడు. ఆ సాయంత్రం కూటం మొదలవడానికి ముందే వచ్చాడు. ఆయన ముఖం నేను చూడడం అదే మొదలు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, చేతిలో కాగితమేదీ లేదు. నేను కుర్చీలు వేస్తున్నాను. అయ్యగారు ఇంకా రాలేదు.

"మేడమ్, మీరు టీచర్ చేసిన్రట గద. చదువు చెప్పినోల్లే గిట్ల చేస్తే, చదువు రానోల్లు నయం గద?"

క్షమించమన్నాను. ఫోన్‌లో తెలియక జరిగిందన్నాను.

"తెలియక అంటే అయిపాయెనా? రేపు పొద్దుగాల ఆయన నోట్ల మిషన్ పెట్టాల్సింది నేను. ఆయన నా మొకం జూసి నవ్వితే నేనేం జెయ్యాలె?"

"ఆయన నవ్వరు బాబూ. ఎవరికీ చెప్పరు" అన్నాను.

"మీకెట్ల తెలుసు?"

ఆయన మెట్ల వైపు రెండడుగులు వేసి ఆగాడు. ఈసారి గొంతు తగ్గింది.

"నేను మానింది మూడు వారాలే మేడమ్. అంతకుముందు మూడేండ్లు రోజూ పొద్దున వాల్లందరి నోట్ల మిషన్ పెట్టిన, రాత్రి తాగిందే నా కడుపుల ఉండంగ. నన్ను ఊదమని ఎవ్వలడుగుతరు?"

ఆ మాట విని నేను చేతిలోని కుర్చీని కింద పెట్టడం మర్చిపోయాను. ఆయన వెళ్లిపోయాడు. మెట్ల మీద ఎదురుపడిన వాళ్లకు దారి ఇస్తూ ముఖం గోడవైపు తిప్పుకోవడం పైనుంచి చూశాను.

శుక్రవారం, శనివారం ఏమీ జరగలేదు. గేటు దగ్గర మిషను పెట్టాడట, అతను ఊదాడట, ఇద్దరూ నేల చూశారట. ఆదివారం ఆరాధనలో నేను స్తుతి పాటలు పాడాను. దేవుడు ఈ తప్పును తన చేత్తో కప్పాడని నమ్మాను. సోమవారం పొద్దున పదకొండుకు ఫోన్ మోగింది.

"అమ్మా, పనికి రావొద్దన్నరు. ఫారం మీద అబద్ధం రాసినవ్, మాకు తెలిసింది అన్నరు. బస్సు తాళం తీసుకున్నరు."

"ఎవరన్నారు?"

"ఇన్‌చార్జి సారే. ఆఫీసుల మేనేజరు ముందల నిలబడి చెప్పిండు. నా మొకం జూడలే."

నాలుగు రోజుల కింద ఇతని కోసం బలపరచును గాక అని రాసిన వేలే ఇతని పేరు చూపించింది. ఒకే ఉత్తరం చదివి, ఒకే ఆమెన్ అన్న మనిషి. నేను ఎన్ని ప్రసంగాలు విన్నాను, ఎన్ని రాశాను, మనిషి హృదయం గురించి ఎన్ని పాఠాలు చెప్పాను. ఏ ఒక్కటీ ఆ నిమిషం నాకు అక్కరకు రాలేదు.

"ఎక్కడున్నావయ్యా?" అన్నాను.

"ఎల్‌బీ నగర్ల. వైన్స్ ముందట." అతను మామూలుగానే చెప్పాడు, బస్టాపు పేరు చెప్పినట్టు. "షట్టర్ లేపిన్రు. గందుకే ఫోన్ చేసిన. జర ప్రార్థన చేయున్రి."

రెండేళ్లు ఉత్తరాల్లో ప్రార్థనలు రాసినదాన్ని. ఒక్క వాక్యం రాలేదు. ప్రభువా అన్నాను. మళ్లీ ప్రభువా అన్నాను. అంతే వచ్చింది. అవతల అతని ఊపిరి వినబడుతోంది. తర్వాత చెప్పుల చప్పుడు మొదలైంది. నడుస్తున్నాడు. ఎటు నడుస్తున్నాడో అడగడానికి భయమేసింది. బస్సుల హారన్లు, ఉప్పల్ ఉప్పల్ అని ఎవరో అరుపు, పూలమ్మే ఆమె ధర చెప్పడం, మళ్లీ హారన్లు. నేను ప్రభువా అంటూనే ఉన్నాను. లోకంలో ఇంకే మాటా లేనట్టు అదే అన్నాను. ఎంతసేపో తెలియదు.

"అమ్మా" అన్నాడు చివరికి. "మెట్రో కింద దాటి బస్సు దొరికే కాడికొచ్చిన. ఇంటికి పోతున్న. ఇగ ఆమెన్ అనున్రి, ఫోన్ పెడత. మూత లేని కుండ అని మీరే రాస్తరు గద."

ఆమెన్ అన్నాను. ఆ తర్వాత ఏడ్చాను.

అయ్యగారు ఆ మధ్యాహ్నమే మలక్‌పేట వెళ్లారు. ఇన్‌చార్జి లోపలే ఉండి లేడని చెప్పించాడట. "భయపడ్డవాడు ముందే కొడతాడండీ అక్కగారూ. ఇతను ఎక్కడ తన సంగతి బయటపెడతాడోనని ఇతని మాటకు విలువ లేకుండా చేశాడు" అన్నారు. ఆయన కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. రాత్రికి ఇన్‌చార్జి నుంచి నాకు మెయిలు వచ్చింది. నా అడ్రస్ తీసెయ్యండి, అంతే.

గురువారం వచ్చేసరికి నాలోని ఆశ్చర్యం కోపంగా మారింది. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, అది పరిశుద్ధమైన కోపం అనే అనుకున్నాను. ప్రవక్తలకు వచ్చే కోపం. ఆ రోజు డ్రైవరు కూటానికి అందరికంటే ముందే వచ్చాడు. నేను అప్పటికే చేతి సంచీ సర్దుకుని ఉన్నాను.

"రేపు మీ స్కూలుకు పోతాను. మీ మేనేజరుతో చెబుతాను, నిన్ను తీసేసినాయన ఎవరో, మూడేళ్లు ఏ కడుపుతో ఆ మిషను పట్టుకున్నాడో. తాగుడు మాని మూడు వారాలేనని ఆయన నోటితోనే నాకు చెప్పాడు" అన్నాను.

అతను ఆ మాట మొదటిసారి వింటున్నాడు. ముఖం మారింది. మూడేళ్లా అని మెల్లగా అనుకున్నాడు. తనను బడిపిల్లాడిలా వరసలో నిలబెట్టిన మనిషి గురించి ఇలాంటిది వింటే ఎవరికైనా లోపల ఏదో లేస్తుంది. లేచింది, నేను చూశాను. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"వద్దమ్మా."

"ఎందుకొద్దు? నీ ఉద్యోగం నీకు రావాలి కదా."

"నేను ఫారం మీద అబద్ధం రాసింది నిజమే గద. గాయన దాచుకున్నదేందో మీకు నమ్మి చెప్పుకున్నడు. మొన్న మీరు తెలవక చేసిన్రు. గిప్పుడు తెలిసి చేస్తరా?"

లేఖనాలు నాకు నేర్పినవాళ్లు చాలామంది ఉన్నారు. ఎవరూ ఇంత తక్కువ మాటల్లో నన్ను కొట్టలేదు. అంతకుమించి నన్ను కుదిపింది ఇంకొకటి. ఆ క్షణం దాకా నాకు తెలియకుండానే నేను ఇంకో మనిషి రహస్యం ఇతని ముందు పెట్టేశాను. ఈసారి బాణం గుర్తు లేదు, ఫోన్ లేదు. నా నోరే.

"నా దగ్గరే ఉంటది తియ్యున్రి" అన్నాడు, నా ముఖం చూసి. "నా కాడికొచ్చిన మాట ఇంకో కాడికి పోదు. మూడు వారాలంటే మస్తు కష్టముంటదమ్మా. గప్పుడే మనిషి పిచ్చోడైతడు. నేను గట్లనే మా ఆమె మీద చెయ్యి లేపిన. గాయన పేరు కూటంల తియ్యకున్రి గని, ప్రార్థనల మాత్రం తియ్యున్రి."

ఆ రోజు కూటానికి తొమ్మిదిమందే వచ్చారు. అంతకుముందు పద్నాలుగుకు తగ్గేవాళ్లు కాదు. రానివాళ్లలో ఎవరు కోపంతో రాలేదో, ఎవరు సిగ్గుతో రాలేదో నాకు తెలియదు. అందరికీ విడివిడిగా ఫోన్ చేసి క్షమించమని అడిగాను. కొందరు క్షమించారు, కొందరు ఎత్తలేదు. ఉత్తరం ఇప్పటికీ నేనే పంపుతున్నాను. అయ్యగారు ఇంకొకరికి అప్పగించనన్నారు. ఇప్పుడు ఒక్కొక్కరికి ఒక్కొక్కటిగా విడివిడిగా పంపుతాను. చాలా సమయం పడుతుంది. ప్రతిసారీ పేరు చూసి, మళ్లీ చూసి నొక్కుతాను. మలక్‌పేట సహోదరుని చిరునామా తీసేశాను, ఆయన అడిగాడు కాబట్టి.

డ్రైవరు ఇప్పుడు చైతన్యపురి హాస్టళ్లకు ఆటో ట్రాలీలో నీళ్ల క్యాన్లు వేస్తున్నాడు. చేరేటప్పుడు ఓనరుకు తనే చెప్పాడట, ఇట్లా తాగేవాణ్ని, ఇట్లా మానేశానని. ఆయన రెండు రోజులు ఆలోచించి పెట్టుకున్నాడట. బస్సంత బండి కాదు. ఎర్రలైటు దగ్గర పసుపు బస్సు పక్కన ఆగినప్పుడు పైకి చూడబుద్ధి కాదంటాడు. పదమూడో నెల నడుస్తోంది.

ఇది చదువుతున్న మీతో ఒక మనవి. మలక్‌పేటలో ఒక మనిషి ఉన్నాడు. ఆయన ఇప్పుడు ఎన్నో వారంలో ఉన్నాడో, అసలు వారాలు లెక్కపెడుతున్నాడో లేదో నాకు తెలియదు. రోజూ పొద్దున అయిదున్నరకు ఆయన చేతిలో మిషను ఉంటుంది, ఎదుట నోళ్లు తెరిచిన మనుషులుంటారు. ఆయనను ఊదమనే వాళ్లెవరూ లేరు. ఆయన కోసం నాతో కలిసి ప్రార్థించండి. క్యాన్లు మోసే సహోదరుని కోసం, అతని భుజాల కోసం, అతని నిలకడ కోసం ప్రార్థించండి. తెరిచిన నోటికి కాపలా పెట్టుకోలేని నా కోసం కూడా. పేర్లు అడగకండి. పేర్లు అవసరమైనవాడి దగ్గర పేర్లన్నీ ఉన్నాయి. చివర ఆమెన్ అనండి. గట్టిగా వద్దు, మీ గదిలో, మీకు వినబడేంత చాలు.